ఏడో తాత పేరు

బుధవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి జెల్కెన్ కంపెనీ వాళ్ళు నాకు వేసిన కుర్చీకి ఒక కాలు పొట్టి. నలభై ఒక్క వేల మంది ఇళ్ళ గుట్టు వీధిలో పడేసిన వాళ్ళు, కుర్చీ కాలు కింద అట్టముక్క పెట్టుకోలేదంటే వింతేముంది అనుకుని సర్దుకుని కూర్చున్నాను.

జెల్కెన్ పని సరుకులూ మందులూ గుమ్మం దాకా తెచ్చివ్వడం. కరగండాలో సగం ఊరికి అందులో ఖాతా ఉంది. పేరు, ఫోన్ నంబరు, ఫ్లాటు, భవనం కింది తలుపు తెరిచే కోడ్, అన్నీ ఆ ఖాతాలోనే. సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఎవరో లోపలికి దూరారు. మార్చిలో మానేసిన గోడౌన్ గుమాస్తా పాస్‌వర్డ్‌ను ఎవరూ రద్దు చేయలేదు. అదే దారి. పదకొండుంబావుకల్లా మొత్తం జాబితా టెలిగ్రామ్‌లో ఎవరు కావాలంటే వాళ్ళు చూసుకునేలా పరిచి ఉంది.

యజమాని సంజార్‌కు ముప్పై ఒక్కేళ్ళు. రెండు రోజులుగా నిద్ర లేదు. దొంగను పట్టుకోమని నన్ను పిలిపించాడు. నాకు మాత్రం దొంగ మీద ధ్యాస లేదు. వాణ్ని వచ్చే నెలలో పట్టుకున్నా కొంపలు మునగవు.

మంగళవారం ఉదయం పదీ అయిదుకు సహాయం నంబరుకు ఒకావిడ ఫోన్ చేసింది. "నా అడ్రసు తీసేయండి, ఆయన చూస్తే నన్ను బతకనివ్వడు" అంది. ఒక నిమిషం యాభై సెకన్లు మాట్లాడి పెట్టేసింది. ఆవిడెవరో కంపెనీకి తెలీదు. ఆ నలభై ఒక్క వేలల్లో ఎక్కడో దొంగపేరుతో దాక్కుని ఉంది. ఆవిడ ఎవరికి భయపడుతోందో ఆ మొగుడి చేతిలోనూ ఇప్పుడు అదే జాబితా ఉంది. నేను ముందు కనుక్కుంటానా, వాడు ముందు కనుక్కుంటాడా? నా మట్టుకు కేసంటే అదే.

ఆ కాల్ తీసుకున్న అమ్మాయి గౌహర్. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నిన్న ఎన్ని కాల్స్ తల్లీ?"

"నేనొక్కదాన్నే నూట డెబ్భై తీశాను అగా" అంది, పెద్దన్నను పిలిచినట్టు. "అందరం కలిపి తొమ్మిది వందలు దాటాయి. తిట్లు తినీ తినీ చెవులు వాచిపోయాయి."

"మరి ఇదొక్కటే ఎందుకు గుర్తుంది?"

"మిగతావాళ్ళందరూ తిట్టారు. ఆవిడ ఒక్కతే బతిమాలింది."

"రికార్డింగ్ వినిపించు."

"లేదు అగా. నిన్న సాయంత్రం మేజర్ దౌరెన్ గారొచ్చి పట్టుకెళ్ళారు. మాకు కాపీ కూడా ఉంచలేదు."

"తొమ్మిది వందలూనా?"

"కాదు, ఆ ఒక్కటే."

దౌరెన్ కపేశెవ్‌కు పదకొండేళ్ళ కిందట పని నేర్పింది నేనే. ఆరేళ్ళ కిందట నేను ఉద్యోగం మానేశాక వాడు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. పోయినేడు మేజరై తిరిగొచ్చాడు. తొమ్మిది వందల్లో ఒక్కటే పట్టుకెళ్ళాడంటే, వీడి పని ఎప్పుడూ అరకొరే అనుకుని పుస్తకంలో ఓ గీత గీశాను.

"నువ్వు ఆవిణ్ని ఏమడిగావ్?"

"రూలు ప్రకారం ముందు ఏడో తాత పేరు అడిగాను."

ఈ రూలు సంజార్ బుర్రలోంచి పుట్టింది. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళు ఏడో తరం తాత పేరు చెబితే ఖాతా తెరుచుకుంటుంది. "మనవాళ్ళలో ఎవడూ మర్చిపోడు కదా అగా" అని నాతో గర్వంగా చెప్పాడు కూడా. మర్చిపోరు, నిజమే. మాటలు వచ్చీ రాగానే మాకు ఏడుగురు తాతల పేర్లు వల్లె వేయిస్తారు. ఏడు తరాల లోపల ఎక్కడ కలిసినా పెళ్ళి కుదరదు. అందుకే ఆ పేర్లు బాబాయి కొడుకులకు తెలుసు, మేనత్తలకు తెలుసు, పెళ్ళిమాటలకు వచ్చి కూర్చున్న వియ్యాలవారికీ తెలుసు. ఊరందరికీ తెలిసినదాన్ని రహస్యం అనుకునే పొరపాటు మా వాళ్ళే చేయగలరు. ఆ తాతల పేర్లు మాత్రం సంజార్ విడిగా ఇంకో మిషన్‌లో పెట్టాడు. దొంగలకు అవి చిక్కలేదు. వాడు చేసిన తెలివైన పని అదొక్కటే.

"చెప్పిందా?"

"చెప్పింది. తిలెమిస్ అంది. ఆ పేరు చెప్పేటప్పుడే ఏడ్చింది. ఏడుస్తూ చెప్పిన పేరు మర్చిపోలేం కదా." గౌహర్ ముక్కు తుడుచుకుంది. "తర్వాత, మీ ఖాతా ఏ పేరు మీదుందండీ అన్నాను. 'ఏ పేరు?' అంది. నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు. అంతే, పెట్టేసింది."

ఏ పేరు మీద బతుకుతోందో తనకే తట్టని మనిషి. నా ఇంట్లో నా పేరు పిలిచేవాళ్ళు లేక ఆరేళ్ళయింది. నా భార్య కుల్యాష్ పోయాక సగిందిక్ అనే పేరు ఫోన్లోనే వినిపిస్తుంది, అదీ ఎవరికైనా పని పడితే. నాకు కనీసం ఆ ఒక్క పేరైనా మిగిలింది.

కాల్ వచ్చిన నంబరు కంపెనీ దగ్గర ఉంది. అది తాళాలు బాగుచేసే కొట్టుది. పదింటికి అక్కడికి చేరాను. అయిదంతస్తుల ఇంటి మెట్ల కింద గూడులాంటి కొట్టు. విక్టర్ అదమోవిచ్ అనే జర్మన్ ముసలాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు.

"పోలీసా?"

"ఒకప్పుడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఊరికే అడుగుతుంటాను."

"ఊరికే అడిగేవాళ్ళకి చెప్పడానికి నాకు తీరిక లేదు. కూర్చోండి" అని టీ పోశాడు.

నిన్న పదింటికి కొట్టు తెరిచాడు. మొదటి బేరం ఆవిడే. తలుపుకు లోపలివైపు వేసే గడియలు రెండు కొంది. ఫోన్ చేసుకోవచ్చా అని అడిగింది.

"ఏం మాట్లాడింది?"

"నేను వినలేదు. ఆడమనిషి ఏడుస్తుంటే వినకూడదని మిషన్ వేసి, అటు తిరిగి, ఎవరికీ అక్కర్లేని తాళంచెవి ఒకటి కోశాను." డబ్బాలోంచి తీసి చూపించాడు. నిజంగానే ఎవరికీ పనికిరాని తాళంచెవి.

"ఎలా ఉంది మనిషి?"

"నలభై లోపే. ఎడం చెయ్యి పూర్తిగా చాపలేదు. గడియలు బిగించడం వచ్చా అమ్మా, నేనొచ్చి బిగించనా అన్నాను. వద్దు, ఇంటికి ఎవర్నీ రానివ్వను అంది. ఇంతకీ ఆ అమ్మాయి కాళ్ళకి ఏమున్నాయో అడగరేం?"

"ఏమున్నాయి?"

"ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. సున్నాకి ఇరవై నాలుగు డిగ్రీలు కింద! చేతులకి తొడుగులు కూడా లేవు."

నేను బయటికొచ్చి నేల చూశాను. శనివారం తర్వాత మంచు పడలేదు. కొట్టు ముందునుంచి పారతో చిమ్మిన బాట ఒక్కటే ఉంది. అది పద్నాలుగో నంబరు ఇంటికీ పదహారో నంబరు ఇంటికీ వెళ్ళి ఆగిపోతుంది. మిగతా వైపులన్నీ మోకాలి లోతు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. పద్నాలుగు దాకా తొంభై, పదహారు దాకా నూట అరవై. ఉన్ని చెప్పులతో అంతకు మించి ఎవరూ పోలేరు. ఆవిడ ఈ రెండిళ్ళలోనే ఉంది. రెండూ ఫ్లాట్ల భవనాలే, కలిపి నూట ఇరవై తలుపులు. ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతే ఆవిడ తియ్యదు సరికదా, మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా దాని గురించే చెప్పుకుంటుంది. తిరిగి కంపెనీకే వెళ్ళి తాతల జాబితా చూడాలి.

బస్సు కోసం నిలబడి కప్పార్ తాతకు ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఎవరి వంశం ఎవరితో ఎక్కడ కలుస్తుందో కాగితం చూడకుండా చెప్తాడు.

"ఎవర్రా? ఓహో, సగిందిక్! పని పడితేనే గుర్తొస్తానురా నీకు."

"అవును తాతా. తిలెమిస్ వంశంలో మొగుణ్ని వదిలేసి వెళ్ళిపోయిన పిల్ల ఎవరు? ఎవరికిచ్చారు?"

"అలాంటి కబుర్లు మా ముసలిది తెచ్చేది. అది పోయాక నా చెవిలో ఎవరూ ఏదీ వెయ్యట్లేదు. కోడలు పనిలోంచి రానీ, అడిగి చెప్తా. ఇంతకీ నువ్వు ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం" అని పెట్టేశాడు.

పదకొండూ పదికి నేను తిరిగొచ్చేసరికి దౌరెన్ సంజార్ గదిలో కిటికీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తాతల పేర్ల జాబితా ఇమ్మంటున్నాడు. ప్రాసిక్యూటర్ కాగితం లేనిదే ఇవ్వనని సంజార్ అంటున్నాడు. ఆ కాగితం శుక్రవారం దాకా రాదు.

"రండి సాకె" అన్నాడు నన్ను చూసి. పెద్దవాళ్ళను పిలిచే మర్యాద పిలుపే, వాడి నోట్లో పడి వెక్కిరింపైంది. "ఇంట్లో పొద్దు పోవట్లేదా?"

"పోవట్లేదు. అందుకే నువ్వు సగంలో వదిలేసినవి పూర్తి చేస్తున్నా."

"నేను సోమవారమే టీవీలో చెప్పేశాను. విదేశీ ముఠా పని."

"మన గోడౌన్ గుమాస్తా పాస్‌వర్డ్ ఆ ముఠాకి కల్లో కనబడిందా?"

సంజార్ నవ్వు ఆపుకోవడానికి బల్ల మీది కాగితాలు సర్దాడు. దౌరెన్ మెడ ఎర్రబడింది.

"మీ కాలం వేరు సాకె. మంచులో అడుగులు లెక్కపెట్టుకునే కాలం. ఇప్పుడు దొంగలు నడవరు."

"దొంగ నడవడు. ఆవిడ నడిచింది. నువ్వు తొమ్మిది వందల కాల్స్‌లో ఆవిడదొక్కటే ఎత్తుకెళ్ళావ్. ఎందుకు?"

వాడు గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక ఆడమనిషి ప్రాణభయంతో ఏడుస్తుంటే పోలీసోడికి పట్టకూడదా? మీరేగా నేర్పారు, సొమ్ము తర్వాత, మనిషి ముందు అని."

అబద్ధం చెప్పను, ఆ మాటకు నేను కరిగిపోయాను. నేను నేర్పింది ఒకరికి గుర్తుందని ఈ ఆరేళ్ళలో ఎవరూ నాతో అనలేదు. ఒంటరి మనిషిని లొంగదీసుకోవడానికి పొగడ్త కూడా అక్కర్లేదు. మీ మాట గుర్తుంది అంటే చాలు. వాడి మీద పొద్దున్నుంచీ ఉన్న చిరాకంతా దిగిపోయింది.

అయినా సంజార్ వాణ్ని బయట కూర్చోబెట్టి నాకొక్కడికే ఆ మిషన్ తెరిచాడు. తిలెమిస్ అని కొట్టించాను. అరవై మూడు ఖాతాలు వచ్చాయి.

"అరవై రెండు మనవాళ్ళ పేర్లే అగా" అన్నాడు సంజార్. "ఈ ఒక్కటే తేడాగా ఉంది."

లిదియా సెర్గెయెవ్నా వొరోనినా. పదహారో నంబరు ఇల్లు, నలభై ఏడో ఫ్లాటు.

"రష్యన్లు ఆ గడిలో ఏం రాస్తారు?"

"ఏడో తాత వాళ్ళకేం తెలుసు? పిల్లి పేరు రాస్తారు, ఊరి పేరు రాస్తారు. ఏం రాసినా తీసుకుంటుంది."

ఆవిడా పిల్లి పేరు రాయొచ్చు. పేరు మార్చుకుంది, ఊరు మార్చుకుంది. తాత దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. మావాళ్ళు దేనికైనా అబద్ధం చెప్పగలరు గాని, తాతల పేర్లకు చెప్పలేరు. ఎవరికీ కనిపించని ఆ గడిలో ఆవిడ తన సొంత మనుషుల్లో ఒక్కణ్ని తన దగ్గర ఉంచుకుంది.

ఇంకొంచెం రూఢి చేసుకుందామని ఆవిడ తెప్పించుకున్న సరుకులు చూశాను. నాలుగు రోజులకొక చిన్న రొట్టె. నెలకో టీ పొట్లం. ఒక బల్బు. నా ఇంటి సరుకుల చీటీ ఎవరో కాపీ కొట్టినట్టుంది. పోయిన నవంబరు పంతొమ్మిదిన మాత్రం ఒక చిన్న కేకు, ఒక కొవ్వొత్తి. ఖాతాలో రాసిన పుట్టినరోజు మే నెలలో ఉంది. నవంబరు పంతొమ్మిదిన నలభై ఏడో ఫ్లాటులో ఒక మనిషి తలుపు వేసుకుని, తన అసలు పుట్టినరోజు తనొక్కతే చేసుకుంది. ఆ పేజీ సంజార్ చూడకుండా మూసేశాను.

అప్పుడు టైము పదకొండూ నలభై రెండు. ఆవిడ గుమ్మం ముందు కాపలా పెట్టే అధికారం నాలాంటి ప్రైవేటు మనిషికి లేదు. పోలీసులకు ఉంది. నేను బయటికొచ్చి దౌరెన్ భుజం మీద చెయ్యి వేశాను.

"పదహారో నంబరు ఇల్లు, నలభై ఏడు. కింద ఇద్దర్ని యూనిఫాంలో నిలబెట్టు. పైకి మాత్రం ఆడ పోలీసునే పంపు, మగవాళ్ళని చూస్తే బెదిరిపోతుంది."

"పదహారు, నలభై ఏడు" అన్నాడు. ఎక్కడా రాసుకోలేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

నా శిష్యుడు ఇంత చురుకు ఎప్పుడు నేర్చుకున్నాడా అని మురిసిపోయాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది. గౌహర్ తన టిఫిన్ డబ్బాలో రొట్టె నాకు సగం పెట్టింది, టీలో పాలు పోసింది. ఆవిడ దొరికిందని చెప్పగానే ఆ పిల్ల మొహం విచ్చుకుంది.

పదకొండూ యాభై ఎనిమిదికి కప్పార్ తాత ఫోన్ చేశాడు.

"ఆ పిల్ల పేరు రౌశన్. తండ్రి లేడు. పెళ్ళి బల్హాష్‌లో చేశారట. రెండేళ్ళ కిందట కట్టుబట్టలతో పారిపోయిందట. ఆ వెధవ చెయ్యి విరిచాడట్రా."

"ఎడం చెయ్యా?"

"అది కోడలికి తెలీదు. ఇంకో మాట విను. ఫిర్యాదు ఇవ్వడానికి ఎక్కడికెళ్ళినా ఆ కాగితం తిరిగొచ్చి వాడి బల్ల మీదే పడేదట. పోలీసోడట వాడు."

నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"పేరు చెప్పు తాతా."

"కపేశ్ కొడుకు. దౌరెన్."

తాత ఇంకేదో చెప్తున్నాడు. నాకు వినబడలేదు. తిలెమిస్ పేరు వాడికి పెళ్ళిమాటల నాడే తెలుసు. వాడికి కావలసింది ఆ పేరు ఏ ఫ్లాటులో ఉందో చెప్పేవాడు. శుక్రవారం దాకా ఆగనక్కర్లేకుండా ఆ పని నేను చేసిపెట్టాను, భుజం మీద చెయ్యి వేసి మరీ.

"గౌహర్, ఆవిడకి ఫోన్ చెయ్యి. కంపెనీ నంబరు నుంచే చెయ్యి, వేరేది తియ్యదు. సంజార్, స్టేషన్‌కి ఫోన్ చెయ్, నీ కారు తాళాలు ఇటివ్వు."

సంజార్ వేరే ఫోన్లో డ్యూటీ వాళ్ళతో మాట్లాడి తెల్లమొహం వేశాడు. "మేజర్ గారు ఆల్రెడీ ఆ అడ్రసుకే బయల్దేరారట అగా. ఎవర్నీ పంపొద్దన్నారట. ఒక్కరే వెళ్ళారట."

"మళ్ళీ చెయ్. ప్రాసిక్యూటర్‌కి చెయ్, ఎవరు పలికితే వాళ్ళకి చెయ్."

గౌహర్ చేసిన ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారికి ఆవిడ ఎత్తింది.

"అపా, నేను. నిన్న మాట్లాడిన అమ్మాయిని" అంది గౌహర్, అక్కను పిలిచినట్టు. ఏడుస్తోంది, కానీ మాట తడబడలేదు. "మా దగ్గరున్న పెద్దాయన మాట్లాడతారు, వినండి." కాల్‌ను నా ఫోన్‌కు కలిపింది. నేను అప్పటికే మెట్ల మీద ఉన్నాను.

"రౌశన్ గారూ, నా పేరు సగిందిక్. తలుపు తియ్యకండి. ఎవరు పిలిచినా, పోలీసులమన్నా తియ్యకండి."

రెండేళ్ళ తర్వాత తన పేరు వినడం కాబోలు, ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది.

"మెట్ల మీద ఎవరో వస్తున్నారు" అంది గుసగుసగా. "ఆ నడక నాకు తెలుసు."

నేను కారు దాకా పరిగెత్తాను. అరవై ఏళ్ళ గుండె మాట వినట్లేదు. ఫోన్లో గంట మోగింది. తర్వాత దూరంగా, చాలా నిదానంగా, దౌరెన్ గొంతు. "రౌశన్. నేనే. తలుపు తియ్యి, పక్కింటివాళ్ళు వింటారు."

"మీరెవరో నాకు తెలీదు" అంది ఆవిడ నాతో. "ఈ ఇల్లు ఎవరికీ తెలీదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. ఆ జాబితాలో ఉన్న పేరు నాది కాదు. మరి ఆయనకి అడ్రసు ఎవరిచ్చారు?"

తెలీదు అనొచ్చు. దొంగల మీదికి తోసెయ్యొచ్చు.

"నేనే ఇచ్చాను" అన్నాను.

అవతల తలుపు మీద మొదటి దెబ్బ పడింది. ఆవిడ నన్ను తిట్టలేదు.

"ఎంత దూరంలో ఉన్నారు?"

"పద్దెనిమిది నిమిషాలు."

రెండో దెబ్బ పడింది. ఏదో చెక్క పగిలిన చప్పుడు.

"తలుపు అంతసేపు ఆగదు" అంది. "ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి. ఏం జరిగినా ఒకరైనా వినాలి."